బీడీఎస్ (పంటి డాక్టర్ కోర్సు) అయింది, హైదరాబాద్‌లో మొదట ఎక్కడ చేరాలి?

కొత్త_డెంటిస్ట్_సూర్యాపేట
అందరికీ నమస్కారం. ఇంటర్న్‌షిప్ అయిపోయింది, తెలంగాణ స్టేట్ డెంటల్ కౌన్సిల్‌లో శాశ్వత రిజిస్ట్రేషన్ కూడా వచ్చేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి ఉద్యోగం చూసుకుంటున్నా. మూడు చోట్ల రమ్మన్నారు. ఒకటి కూకట్‌పల్లి వైపు, చాలా బ్రాంచీలున్న క్లినిక్, నెలకి 22 వేలు, టార్గెట్ ఉంటుందని ఇంటర్వ్యూలోనే చెప్పారు. రెండోది కొత్తపేటలో ఒక పెద్ద సర్ సొంత క్లినిక్, రెండే చైర్లు, 13 వేలు, మధ్యాహ్నం మూడు గంటలు ఖాళీ, మళ్ళీ రాత్రి తొమ్మిది దాకా. మూడోది జీతం లేదు, మూడు క్లినిక్‌లు తిరుగుతూ చేసిన పనికి పర్సంటేజ్. ఇంట్లో నాన్న ఏమో చిట్టీ డబ్బులొస్తాయి, సూర్యాపేటలోనే ఒక షట్టర్ అద్దెకి తీసుకుని బోర్డు పెట్టెయ్ అంటున్నారు. ఫ్రెండ్స్ సగం మంది బీడీఎస్ తర్వాతి పీజీ అయిన ఎండీఎస్ సీటు కోసం నీట్ ఎండీఎస్ కోచింగ్‌లో చేరిపోయారు.

పన్ను పీకడం, ఫిల్లింగ్, స్కేలింగ్ ధైర్యంగా చేస్తాను. దవడ పళ్ళకి రూట్ కెనాల్ ఒంటరిగా చేయాలంటే మాత్రం టెన్షన్. కాలేజీలో ప్రతి స్టెప్‌కీ మేడమ్ చూసి సంతకం పెట్టేవారు, ఇప్పుడు ఎవరూ చూడరు. ఈ దారిలో ముందు నడిచినవాళ్ళు చెప్పండి.

ఎండో_అన్న
చెల్లీ, నేను కన్జర్వేటివ్‌లో, అంటే ఫిల్లింగ్, రూట్ కెనాల్ బ్రాంచ్‌లో ఎండీఎస్ చేసి నల్లకుంట, అంబర్‌పేట వైపు కన్సల్టెంట్‌గా తిరుగుతుంటాను కాబట్టి ఆ మూడోదాని గురించే ముందు చెప్తా. ఇప్పుడు వద్దు. డబ్బు తక్కువని కాదు. మంగళవారం ఒక క్లినిక్‌లో కెనాల్స్ నింపేసి వెళ్ళిపోతావు, పది రోజులకి ఆ పేషెంట్‌కి వాపు వస్తే వాళ్ళు ఆరోజు అందుబాటులో ఉన్న ఇంకో డాక్టర్‌ని పిలుస్తారు, లేదంటే పన్ను పీకేస్తారు, నీకు ఫోన్ కూడా రాదు. నువ్వు మాత్రం బాగానే చేశాననుకుని అదే పద్ధతిలో తర్వాతి పన్నుకి వెళ్తావు. ఎండీఎస్ అయ్యి, చేయి కుదిరాక తిరగడం వేరు, మొదటి రెండేళ్ళు తిరగడం వేరు.

నా మాట ఒక్కటే: నువ్వు చేసిన పని మళ్ళీ నీ చైర్ మీదకే తిరిగి వచ్చే చోట చేరు. ఆరు నెలలకో ఏడాదికో పేషెంట్‌ని పిలిచి, ఎక్స్‌రే తీసి, వేరు చివర ఉన్న నల్లటి నీడ తగ్గిందా లేదా అని నీ కళ్ళతో నువ్వు చూడాలి. పై దవడ మొదటి మోలార్‌లో మూడు కెనాల్స్ దొరికాయి కదా అని మూసేస్తే, ఎంబీ2 అనే నాలుగోది మిగిలిపోయి ఎన్నాళ్ళకో నొప్పితో బయటపడుతుంది. పుస్తకంలో అందరం చదివాం. అదే పేషెంట్ మన ముందుకే తిరిగొచ్చి చెంప పట్టుకుని కూర్చుంటే ఆ కెనాల్ కోసం వెతకడం జన్మలో మానం.

కొత్తపేట సర్ క్లినిక్‌కి ఇంటర్వ్యూకి కాకుండా ఒక సాయంత్రం ఊరికే వెళ్ళి కూర్చోనివ్వమని అడుగు. రబ్బర్ డ్యామ్ (ఉమ్మి చేరకుండా పన్ను చుట్టూ వేసే రబ్బరు షీట్) వాడుతున్నారా, కెనాల్ పొడవు కొలిచే ఎపెక్స్ లొకేటర్ ఉందా, ఎక్స్‌రేని కంప్యూటర్‌లో చూపే ఆర్‌వీజీ ఉందా, పాత పేషెంట్ల ఎక్స్‌రేలు దాచిపెడుతున్నారా చూడు. ఇవి ఉంటే 13 వేలు నాకు తక్కువగా అనిపించదు.

అమీర్‌పేట్_మోలార్
అన్నా, మీరు చెప్పింది కాదనను కానీ 13 వేలంటే దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌కీ తిండికే సగం పైన పోతుంది. ఆడవాళ్ళకి సిటీ బస్సు ఫ్రీ కాబట్టి ఆ ఖర్చొకటి తగ్గింది అనుకున్నా, ఎడ్యుకేషన్ లోన్ ఉన్నవాళ్ళు ఈఎంఐ ఎక్కణ్ణుంచి కడతారు? ప్రైవేట్ కాలేజీలో చదివిన పిల్లలకి ఇది చిన్న విషయం కాదు. ఐదేళ్ళు చదివి డాక్టర్ అనిపించుకుని ఇంటి నుంచి డబ్బులు తెప్పించుకోవడం ఎంత బరువుగా ఉంటుందో ఆ స్థితిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

నేను బ్రాంచీల క్లినిక్‌లోనే మొదలుపెట్టా. రోజూ పేషెంట్లు ఉండేవాళ్ళు, చేయి త్వరగా తిరిగింది. దవడని 3డీలో చూపే సీబీసీటీ స్కాన్ చదవడం, స్కానర్‌తో అచ్చు తీయడం అక్కడే వచ్చాయి, చిన్న క్లినిక్‌లలో అవి ఉండవు. ఖాళీగా ఉండే చైర్ పక్కన కూర్చుంటే ఎంత మంచి సర్ ఉన్నా పని రాదు కదా. టార్గెట్ అన్నారని పారిపోకు చెల్లీ, దేన్ని లెక్కపెడతారో అడుగు. చూసిన పేషెంట్ల సంఖ్యా, వసూలైన డబ్బా? మొదటిది ఫర్వాలేదు.

ఎల్బీనగర్_డెంటల్
టార్గెట్ అంటే వసూలైన డబ్బే ఎక్కువ చోట్ల అడిగేది, నేను చూసినంతవరకు. దాని గురించి ఒక కేసు చెప్తాను.

మా ఎల్బీనగర్‌కి నల్గొండ, మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి పేషెంట్లు చాలామంది వస్తారు, హైవే మీద దిగితే క్లినిక్ దగ్గరే కాబట్టి. చిన్నప్పుడు తాగిన బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, సుద్ద గీతలు. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చాయి కానీ అంతకుముందే పళ్ళు తయారైన పిల్లలు ఇప్పుడు పెళ్ళి వయసులో ఉన్నారు. ఒక అమ్మాయిని వాళ్ళమ్మ తీసుకొచ్చింది, పెళ్ళిచూపులు ఉన్నాయి, పళ్ళు తెల్లగా చేయమని. అంతకుముందే సిటీలో ఇంకో చోట చూపించుకున్నారట, ముందు పళ్ళు ఆరింటికీ రూట్ కెనాల్ చేసి క్యాప్‌లు వేద్దామని, లక్షకి దగ్గర ఎస్టిమేట్ రాసిచ్చారు. పొలం కౌలు డబ్బు వచ్చాక కడతామని అడిగిందట ఆ తల్లి.

ఆ పళ్ళలో పుచ్చు లేదు, నొప్పి లేదు. క్యాప్ వేయాలంటే ఆరోగ్యంగా ఉన్న పన్నుని చుట్టూ అరగదీయాలి, అరగదీసింది మళ్ళీ రాదు, ఇరవై రెండేళ్ళ పిల్లకి ఆ క్యాప్‌లు జీవితంలో ఎన్నిసార్లు మార్చాలి? మేము పై పొరని సన్నగా గీకే మైక్రోఅబ్రేషన్ చేసి, తర్వాత బ్లీచింగ్ చేసి, మచ్చ లోతుగా ఉన్న రెండింటికి మాత్రం పంటి రంగు ఫిల్లింగ్, అంటే కాంపోజిట్ వేశాం. ఇక్కడ కొత్తవాళ్ళకి పనికొచ్చే విషయం ఒకటుంది. ఫ్లోరోసిస్ ఉన్న ఎనామెల్‌కి ఎచింగ్ (ఫిల్లింగ్ అంటుకోవడానికి ముందు యాసిడ్ పూయడం) అంత తొందరగా పట్టదు, మామూలుగా పెట్టే 15, 20 సెకన్లు చాలకపోవచ్చు, కాంపోజిట్ నెలకే ఊడి చేతికొస్తుంది. ఇదంతా పేషెంట్ తిరిగి వస్తేనే మనకి తెలిసేది, ఎండో అన్న చెప్పింది అదే.

డబ్బు టార్గెట్ ఉన్న చోట ఆ అమ్మాయి చైర్‌లో కూర్చున్నప్పుడు నెలాఖరు అయితే, ఇరవై మూడేళ్ళ కొత్త డాక్టర్‌కి మేనేజర్ వాట్సాప్ గ్రూప్‌లో అంకెలు పెడుతుంటే, ఆ డాక్టర్ ఏం చెప్తుంది? నాకు కోపం కొత్త పిల్లల మీద కాదు, వాళ్ళని అక్కడ కూర్చోబెట్టేవాళ్ళ మీద.

సర్జరీ_అక్క
జీతం, టార్గెట్ అన్నీ తర్వాత. ముందు స్టెరిలైజేషన్ రూమ్ చూడు. చూడనివ్వకపోతే లేచి వచ్చెయ్. ఆవిరితో పరికరాల్లో క్రిములు చంపే ఆటోక్లేవ్ ఉంటే చాలదు, తిరుగుతుండాలి. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, కనీసం 15 నిమిషాలు, పౌచ్‌లలో ఉంటే ఇంకా ఎక్కువ. పౌచ్ మీద గుర్తు రంగు మారిందా లేదా అసిస్టెంట్‌ని అడుగు. నీళ్ళలో మరిగించడం స్టెరిలైజేషన్ కాదు, ద్రావణంలో ముంచి తీయడం కూడా కాదు. హ్యాండ్‌పీస్‌లు రెండే ఉండి రోజుకి ఇరవై మంది పేషెంట్లను చూస్తున్నారంటే మధ్యలో వాటిని ఆటోక్లేవ్ చేసే టైమ్ లేదని నీకే అర్థమవుతుంది, లెక్క వేసుకో.

నీ సంగతి కూడా. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ అయ్యాయా? సున్నా, ఒకటి, ఆరు నెలలు. అయితే ఒకటి రెండు నెలల తర్వాత టీకా పట్టిందో లేదో చెప్పే యాంటీబాడీ టైటర్ చేయించావా, 10 దాటిందా? చాలామంది ఈ పరీక్ష చేయించరు, టీకా వేసుకున్నాం కదా అని వదిలేస్తారు. సూది గుచ్చుకుంటే పిండొద్దు, సబ్బుతో నీళ్ళ కింద కడుక్కుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళు. హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టాలంటే రెండు గంటల్లోపు మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. చేరే క్లినిక్‌లో అలా జరిగితే ఎవరు తీసుకెళ్తారు, ఖర్చెవరిది, ఇంటర్వ్యూలో అడుగు. అడిగితే ఏమనుకుంటారో అని ఆగకు తల్లీ, ఒంట్లో రోగం వచ్చేది వాళ్ళకి కాదు.

కొత్త_డెంటిస్ట్_సూర్యాపేట
అక్కా, టీకాలు అయ్యాయి, టైటర్ చేయించలేదు, రేపే వెళ్తాను. అందరికీ థాంక్స్. ఇంకో ప్రశ్న. కొత్తపేట సర్ ఆదివారం రారట, ఆదివారం ఉదయం నేనొక్కదాన్నే ఉండాలి. చిన్నపిల్లల కేసులు ఆదివారమే ఎక్కువట, స్కూల్ సెలవు కదా. మత్తు ఇంజెక్షన్ డోసు, ఎవరైనా కళ్ళు తిరిగి పడిపోవడం, ఇవన్నీ ఒక్కదాన్నే చూసుకోగలనా అని భయం.

పిల్లల_పళ్ళు
పీడోడాంటిక్స్ మాది. మొదటి రెండు మూడు నెలలు ఆదివారం ఒంటరిగా ఉండనని చెప్పు, న్యాయమైన కోరికే అది. తర్వాత ఉన్నా సరే, పిల్లవాణ్ణి చైర్ ఎక్కించే ముందు బరువు చూడు. క్లినిక్‌లో తూకం మెషీన్ లేకపోతే కొనిపించు. మత్తు మందు లిగ్నోకైన్ పిల్లలకి కిలోకి 4.4 మిల్లీగ్రాములు దాటకూడదు. మన దగ్గర దొరికే 2 శాతం మందులో ఒక ఎంఎల్‌కి 20 మిల్లీగ్రాములు. 15 కిలోల పిల్లాడికి 66 మిల్లీగ్రాములు, అంటే 3.3 ఎంఎల్. పై పన్నూ కింది పన్నూ రెండూ ఒకేరోజు చేసెయ్యండి, ఊరి నుంచి వచ్చామని తల్లిదండ్రులు అడిగినప్పుడు ఈ లెక్క చాలా తొందరగా దగ్గరకి వచ్చేస్తుంది. ఇంటికి పంపేటప్పుడు పెదవి కొరుక్కోకుండా చూడమని తల్లికి రెండుసార్లు చెప్పు. సాయంత్రం వాచిన పెదవితో తిరిగొస్తారు లేకపోతే.

పెద్దవాళ్ళు కళ్ళు తిరిగిపడేది ఎక్కువగా భయంతో, ఏమీ తినకుండా రావడంతో. చైర్ వెనక్కి వాల్చి కాళ్ళు ఎత్తిపెట్టు, నోట్లో ఉన్నవన్నీ తీసెయ్. ఒకటి రెండు నిమిషాల్లో తేరుకోకపోతే అది మామూలు కళ్ళు తిరగడం కాదు, 108కి ఫోన్ చెయ్. ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం అయితే అలర్జీ, పెద్దవాళ్ళకైతే అడ్రినలిన్ 1:1000 అర ఎంఎల్ తొడ కండలోకి, ఆలోచిస్తూ నిలబడకూడదు. ఎమర్జెన్సీ ట్రే ఎక్కడుందో, దాని మీద ఎక్స్‌పైరీ తేదీ ఏమిటో మొదటిరోజే చూసుకో. షుగర్ ఉన్నవాళ్ళని టిఫిన్ తిన్నారా, మందు వేసుకున్నారా అని అడుగు. గుండెకి ఆస్పిరిన్ వాడుతున్నవాళ్ళు పన్ను పీకాలని వాళ్ళంతట వాళ్ళే ఆపేసి వస్తుంటారు, ఒక పన్నుకి ఆపాల్సిన పనిలేదని, వాళ్ళ డాక్టర్‌ని అడగకుండా ఏదీ మానొద్దని గట్టిగా చెప్పు.

హన్మకొండ_క్లినిక్
నాన్నగారి మాట మీద ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి నేను చెప్తాను. ఆయన చెప్పింది తప్పు కాదమ్మా, తొందర అంతే. హైదరాబాద్‌లో ఒక్కో కాలనీకి నాలుగు డెంటల్ బోర్డులు కనిపిస్తాయి, సొంత ఊళ్ళో అయితే మన నాన్న ఎవరో తెలిసినవాళ్ళే మొదటి ఏడాది పేషెంట్లు. నేను అలాగే నిలబడ్డాను. కానీ ఆ తెలిసినవాళ్ళే, మొదటి కెనాల్ పాడైతే వీధంతా చెప్పేది కూడా వాళ్ళే. రెండేళ్ళు పని నేర్చుకుని వెళ్ళు.

వెళ్ళేటప్పుడు చైర్ ధర ఒక్కటే చూసుకుని లెక్క వేయొద్దు. కంప్రెసర్, ఆటోక్లేవ్, ఎక్స్‌రే, ఇన్వర్టర్, ప్లంబింగ్, ఇవన్నీ కలిపితే చైర్ కన్నా ఎక్కువవుతుంది. ఆపైన కాగితాలు. జిల్లా వైద్యాధికారి దగ్గర క్లినిక్ రిజిస్ట్రేషన్, కాలుష్య నియంత్రణ మండలి ఆథరైజేషన్, బయోమెడికల్ వ్యర్థాలు తీసుకెళ్ళే సంస్థతో ఒప్పందం, ఎక్స్‌రేకి ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి)లో ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్. 2016 నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, పీకిన పళ్ళు పసుపు సంచిలో, గ్లవ్స్, ప్లాస్టిక్ ఎరుపులో, సూదులు తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలం పెట్టెలో. ఉద్యోగం చేసే చోట ఈ ఫైలు ఎలా ఉంటుందో చూసి నేర్చుకో, కాలేజీలో ఎవరూ చూపించరు. బోర్డు మీద బీడీఎస్ అనే రాయించు, ఆర్థోడాంటిస్ట్ అనో ఇంప్లాంట్ స్పెషలిస్ట్ అనో ఫ్లెక్సీ వాడు రాస్తానన్నా ఒప్పుకోకు, ఎండీఎస్ లేకుండా అది రాయకూడదు.

నీట్_మళ్ళీ
కోచింగ్ గురించి. నేను ఉద్యోగం చేస్తూ రాస్తున్నా. 240 ప్రశ్నలు, 960 మార్కులు, తప్పుకి ఒక మార్కు పోతుంది. ఎండీఎస్ అంటే ఇంకో మూడేళ్ళు. ఏ బ్రాంచ్ ఎందుకు కావాలో తెలియకుండా, ఫ్రెండ్స్ చేరారని చేరకు. క్లినిక్‌లో ఏడాది కూర్చుంటే నీకు సర్జరీ ఇష్టమా, పిల్లలా, రూట్ కెనాల్ చేసే ఎండోనా అన్నది తేలిపోతుంది. నాకు క్లినిక్‌లో చేరాకే వంకర పళ్ళు సరిచేసే ఆర్థో వద్దు, కట్టుడు పళ్ళ ప్రాస్థో కావాలి అని తెలిసింది. కట్టుడు పళ్ళు పెట్టుకున్న ముసలాయన అక్కడే జామకాయ కొరికి చూపించాడు, అంతే. 2023లో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం వచ్చింది, అందులో ఎగ్జిట్ టెస్ట్ ప్రస్తావన కూడా ఉంది, కాబట్టి పరీక్షల పద్ధతి మారొచ్చు, నోటిఫికేషన్లు చూస్తూ ఉండు. ఆ మధ్యాహ్నం మూడు గంటల ఖాళీ చదువుకి బాగా సరిపోతుంది.

కోడింగ్_నుంచి
నేను బీడీఎస్ చేసి గచ్చిబౌలిలో మెడికల్ కోడింగ్‌లో (పేషెంట్ల రికార్డులని బిల్లు కోడ్‌లుగా మార్చే పని) ఉన్నాను. జీతం బాగుంది, శని ఆదివారాలు సెలవు, నాకు సంతోషమే. ఇది కూడా ఒక దారి అని చెప్పడానికే రాస్తున్నా, ఓడిపోయి వచ్చిందేమీ కాదు. అయితే చేతిపని ఇష్టం ఉన్నవాళ్ళు మొదటే ఇటు రావద్దు, మూడేళ్ళు డ్రిల్ పట్టకపోతే మళ్ళీ చైర్ దగ్గరకి వెళ్ళడం చాలా కష్టం. అమెరికా వెళ్ళాలనుకునేవాళ్ళు లైసెన్స్ పరీక్ష ఐఎన్‌బీడీఈ రాసి, అక్కడి డెంటల్ స్కూల్లో మళ్ళీ రెండు మూడేళ్ళు చదవాలి. ఖర్చు ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఓరల్_మెడిసిన్_హైద్
ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా, దయచేసి ఇది చదివి వదిలేయకండి. పేషెంట్ ఏ పన్ను నొప్పి అని వచ్చినా ముందు నోరంతా చూడండి. బుగ్గల లోపల, నాలుక పక్కలు, నాలుక కింద, రెండు నిమిషాలు. మన దగ్గర గుట్కా, పాన్ మసాలా, ఖైనీ నమిలేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు, ఆటో డ్రైవర్లు, మేస్త్రీలు, ఇప్పుడు ఇంటర్ పిల్లలు కూడా. నోట్లో మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి, పట్టడం లేదంటే, కారం తగిలితే మండుతోందంటే బుగ్గల లోపలి పొర గట్టిపడే, క్యాన్సర్‌కి దారితీయగల సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ మొదలైనట్టే. పీకడానికి నోరు తెరుచుకోవట్లేదని చిరాకు పడి పంపించేస్తే అతను ఇంకో రెండేళ్ళకి పుండుతో వస్తాడు. రెండు వారాలు దాటినా మానని పుండు, గీకినా పోని తెల్ల మచ్చ, అంతకన్నా ప్రమాదం ఎర్ర మచ్చ, బయాప్సీకి పంపాల్సిందే. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, చీటీ మీద స్పష్టంగా రాసి, ఫోన్ నంబర్ తీసుకుని, వెళ్ళాడో లేదో వారానికి ఒకసారి కనుక్కోండి. వెళ్ళరు చాలామంది. పని పోతుందని, భయమని. భార్యతోనో కొడుకుతోనో మాట్లాడాలి.

ఈ రెండు నిమిషాలకి బిల్లు ఉండదు. అందుకే, ఈ రెండు నిమిషాలు ఇచ్చే క్లినిక్‌లో చేరమంటాను.

అమీర్‌పేట్_మోలార్
మేడమ్ చెప్పిన దానికి నా దగ్గర వాదన లేదు. మా దగ్గర పేషెంట్‌కి ఇరవై నిమిషాల స్లాట్, ఈ రెండు నిమిషాలు నేను పట్టుబట్టి తీసుకునేదాన్ని. ఎక్కడ చేరినా తీసుకోవచ్చు చెల్లీ, కానీ కొట్లాడాలి.

కొత్త_డెంటిస్ట్_సూర్యాపేట
నిన్న సాయంత్రం కొత్తపేటలో కూర్చున్నాను. రబ్బర్ డ్యామ్ ఉంది, సర్ ప్రతి కెనాల్‌కీ వేశారు. పాత ఎక్స్‌రేలు కంప్యూటర్‌లో పేషెంట్ పేరుతో ఉన్నాయి, ఏడాది కింద చేసిన ఒకావిడ రివ్యూకి వస్తే నన్ను పిలిచి రెండు ఎక్స్‌రేలూ పక్కపక్కన పెట్టి చూపించారు. ఆటోక్లేవ్ తిరుగుతూనే ఉంది. సర్‌ని ఆదివారం గురించి అడిగితే మూడు నెలల వరకు నువ్వు రావద్దులే అన్నారు. జీతం 15 చేశారు, ఆరు నెలల తర్వాత రూట్ కెనాల్స్ మీద పర్సంటేజ్ ఇస్తానన్నారు. నాన్నతో మాట్లాడాను, చిట్టీ డబ్బు బ్యాంకులో వేద్దాం అన్నారు. అక్కడే చేరుతున్నా. సంతకం పెట్టేముందు కాగితంలో ఏం చూసుకోవాలి?

ఎండో_అన్న
మంచి నిర్ణయం. పర్సంటేజ్ దేని మీదో రాయించుకో, ల్యాబ్ బిల్లు తీసేశాకా, తీయకముందా అని. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకు, జిరాక్స్ చాలు, ఆయన ఎంత మంచివారైనా సరే. కన్సల్టెంట్ అని రాస్తే ప్రొఫెషనల్ ఫీజు కింద 10 శాతం టీడీఎస్ కట్ చేయొచ్చు, రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, కాబట్టి పాన్ నంబర్ సరిగ్గా ఇవ్వు.

సర్జరీ_అక్క
పేషెంట్ కేసు వేస్తే ఆదుకునే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ నీ పేరు మీద నువ్వే తీసుకో, క్లినిక్‌కి ఉంది కదా అని ఊరుకోకు. పీకే ముందు పన్ను నంబర్‌తో సహా తెలుగులో రాసిన కన్సెంట్ మీద పేషెంట్ సంతకం తీసుకో. అది ఆ క్లినిక్‌లో ఇంగ్లీషులో ఉంటే నాకు మెసేజ్ పెట్టు, మేము వాడే తెలుగు ఫారం పంపిస్తాను. టైటర్ ఎంత వచ్చిందో కూడా చెప్పు.